కుండచాటు పరుగు

వెలుగు పక్షం, ఒకటో మెలకువ

వంగ బాగుంది. మిరప పూత నిలబడింది. టమాటా మూడో వరసకు వేన్నీళ్ళు ఆలస్యంగా అందాయి. పంపు దగ్గర కొట్లాట జరిగింది.

గాజుతోట దినచర్యలో మొక్కల సంగతులు మాత్రమే రాయాలని మా కొత్త పైఅధికారి రెండుసార్లు చెప్పాడు. అయ్యా, మొక్కల సంగతే రాస్తున్నాను. నీళ్ళు ఎందుకు ఆలస్యమయ్యాయో రాయకపోతే రేపు మీరే అడుగుతారు. పైగా మీరు ఎర్రగట్టు నుంచి ఈమధ్యే వచ్చారు, మా మంచుపేట పద్ధతులు మీకు తెలియవు. అందుకే కాస్త విడమరిచి రాస్తాను.

చీకటి పక్షం ముగిసి ఇవాళే పొద్దు పొడిచింది. తొలి వెలుగులో ఇంటిల్లిపాదీ తలంటుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఊరంతా బిందెలు పట్టుకుని ఒక్క పంపు మీద పడింది. మా అత్త గున్నమ్మ వంతు వచ్చేసరికి పక్కవీధి పారమ్మ తన డ్రమ్ము ముందుకు తోసింది. మా అత్త ఊరుకునే మనిషి కాదు. పారమ్మ అంతకన్నా కాదు. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు పైడితల్లి కుక్కల్ని తిప్పుకుని వచ్చింది. తల్లిని తను ఎన్నయినా అంటుంది గానీ, పరాయివాళ్ళు ఒక్క మాట అంటే పడదు.

"మా యమ్మ ముందు నిల్సుంటే నీ డ్రమ్ము ముందుకెలగొచ్చినాదే? దానికి కాళ్ళున్నాయేటి?" అని మొదలుపెట్టింది.

అక్కడి నుంచి ఇద్దరూ పారమ్మ తాతల దాకా వెళ్ళి, పాతలోకం నుంచి వచ్చిన ఓడలో ఎవరు ఎవరి చోటు ఆక్రమించారో కూడా తేల్చుకుని వచ్చారు. చివరికి నీళ్ళు మాకే దక్కాయి. పైడి గొంతు మాత్రం పోయింది. ఆ చలిలో అంతసేపు నోరు తెరిచి అరిస్తే ఏ గొంతయినా పోతుంది. ఇంటికొచ్చి "వదినా" అని పిలవబోతే పిల్లికూత లాంటిది వచ్చింది.

ఇంకోసారైతే నవ్వుకునేదాన్ని. కానీ ఇంకో నాలుగు నిద్రలు పోయి లేస్తే అయిదో మెలకువ, కుండచాటు పరుగు.

వెలుగు పక్షం, రెండో మెలకువ

వంగ బాగుంది. మిరపలో ఒక మొక్కకు ఆకుముడత కనిపించింది, తీసేశాను.

పైడి గొంతు అలాగే ఉంది. మా అత్త మిరియాల కషాయం, శొంఠి కషాయం, ఉప్పునీటి పుక్కిలింత ఒకదాని మీద ఒకటి పట్టించింది. పట్టిస్తూ తిట్టింది. తిడుతూ మళ్ళీ పట్టించింది.

"గొంతు పోతే పోనాది, పీడా పోనాది. ఈ పందేలు మానేస్తావు. ఆ మూకకి గంజి కాసి కాసి నా నడుం ఇరిగిపోతంది."

మా అత్త కుక్కల్ని ఏనాడూ పేరు పెట్టి పిలవదు. "ఆ మూక" అంటుంది, లేదా "ఆ ఆరు మూతులూ" అంటుంది. పరుగు చూడటానికి కూడా ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

అయ్యా, మీకు తెలియాల్సింది ఇది. మన తలల మీద కదలకుండా వేలాడే ఆ పెద్ద గ్రహాన్ని ఓడ దిగిన తాతలు కుండ అన్నారు. ప్రతి వెలుగు పక్షం నడిమధ్య సూర్యుడు కాసేపు దాని చాటుకు పోతాడు. ఏడాదికి ఒకసారి, ఆ మెలకువ పొద్దున్నే కుక్కబళ్ళు బయల్దేరి, స్తంభాల వెంట మంచుపలక చుట్టి, సూర్యుడు మాయమయ్యేలోపు ఊరి గీత దాటాలి. దాటినవాళ్ళందరికీ టపా దారులు ఇస్తారు. మోటారు అదురుకు మన మంచు పగులుతుంది కాబట్టి మందులు, ఉత్తరాలు, విత్తనాలు అన్నీ ఆ బళ్ళ మీదే తిరగాలి. వరసగా మూడేళ్ళు దాటలేకపోయిన జట్టును మాత్రం విడదీసి ఉమ్మడి కొట్టానికి అప్పజెప్పాలి. కుక్కల తిండికి ఊళ్ళో అంత వెసులుబాటు లేదు. అక్కడి నుంచి ఒక్కొక్క కుక్క ఒక్కొక్క పేటకు పోతుంది.

పైడికి ఇది మూడో ఏడు.

దాని కుక్కలు నెమ్మదివేమీ కావు. దోషమంతా ముందు నడిచే బెల్లంగాడిది. ఆఖరి మలుపు దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపు వెళ్తే ఊరి గీత. ఎడమవైపు వెళ్తే చేపల రేవు. మొదటి ఏడు మా బెల్లం జట్టు మొత్తాన్నీ నేరుగా రేవుకు లాక్కుపోయి, ఎవరిదో గంపలో తల పెట్టి, వెనక పైడి గుండెలు బాదుకుంటున్నా వినకుండా కడుపునిండా తిన్నాడు. రెండో ఏడు పైడి గొంతు చించుకుని "వలపట! వలపట!" అని అరిస్తే సగం దూరం పోయాక తిరిగాడు. అప్పటికి పొద్దు కుండచాటుకు పోయింది.

దాపట అంటే ఎడమ, వలపట అంటే కుడి. పాతలోకంలో ఎద్దులకు చెప్పేవాళ్ళట. ఎద్దును చూసినవాడు ఈ ఊళ్ళో ఒక్కడూ లేడు, కుక్కలకు మాత్రం ఆ రెండు మాటలు పుట్టుకతోనే వచ్చేస్తాయి.

వెలుగు పక్షం, నాలుగో మెలకువ

వంగ బాగుంది. మిగతావి కూడా బాగున్నాయనే అనుకుంటున్నాను, సరిగ్గా చూడలేదు.

మా ఇంట్లో రెండు మెలకువలుగా పైడి మాట్లాడటం లేదు. ఉన్న గొంతు ఖర్చు కాకుండా దాచుకుంటోంది. దానికి ఆకలైతే పొట్ట తడుతుంది. కషాయం వద్దంటే గొంతు మీద అరచెయ్యి పెట్టి గాలిలోకి విసురుతుంది, అంటే పోయింది, ఇంక రాదు అని. మా ఎనిమిదేళ్ళ వరాలుకు ఇదంతా గొప్ప ఆటగా ఉంది. మేనత్తతో పాటు అదీ మాట మానేసింది. ఇంట్లో ఇంత ప్రశాంతంగా ఉండటం నాకు పెళ్ళయ్యాక ఇదే మొదలు.

మా ఆయన లోకనాథం మంచు మందం కొలిచే పనిలో ఉంటాడు, దేనికైనా లెక్క చెప్పందే నిద్రపోడు. ఇవాళ చెల్లెల్ని కూర్చోబెట్టి వివరించాడు.

"సూడు పైడీ, స్తంభాల దారిలో నీకు మాటతో పన్లేదు. ముందెల్లే బళ్ళ ఎనకాల ఇవి ఎలగూ పోతాయి. చీలిక కాడ ఒక్క కేక సాలు. ఒక్క కేక నీ గొంతులో మిగిలితే గెలిసినట్టే."

పైడి తల ఊపింది. ఒక్క వేలు చూపించి గొంతు మీద పెట్టుకుంది. ఒక్క కేక ఉంది.

మరి అది ఉందో లేదో అరిచి చూసుకోవడానికి లేదు. చూసుకుంటే అయిపోతుంది.

భోజనాల తర్వాత కుక్కల కొట్టంలోకి వెళ్ళాను. పైడి ఆరు కుక్కల మధ్య గడ్డిలో పడుకుని ఉంది. బెల్లంగాడి చెవి పట్టుకుని ఉంది. వాడు దొంగ, నా ఎండుచేపలు ఎన్నిసార్లు తిన్నాడో లెక్కలేదు. అయినా వాటిని ఆరు పేటలకు పంచేస్తారంటే నాకు మనసొప్పలేదు. దాని పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. నా ఏడుపు చూసి పైడి నవ్వింది, చప్పుడు లేకుండా.

బయటికి వస్తే మా అత్త గుమ్మంలో కూర్చుని పాత పసుపుపచ్చ చీరలు రెండు కలిపి కుడుతోంది. పరుగు చూసేవాళ్ళు తమ బండి రంగు గుడ్డ ఊపాలి. మాది పసుపు.

"నువ్వొస్తావా అత్తా?" అని అడిగాను.

"ఆ మూక మూడోసారి రేవుకెల్లి సేపలు తింటంటే నా కళ్ళతో నేను సూడాల. అప్పుడు గాని నాకు గంజి కాసే పని తప్పినట్టు నమ్మకం కుదరదు."

సూది మాత్రం చాలా దగ్గర దగ్గరగా వేస్తోంది.

వెలుగు పక్షం, అయిదో మెలకువ

ఇవాళ గాజుతోటకు సెలవు. మొక్కలకు పొద్దున్నే నీళ్ళు పెట్టాను.

పైడి అందరికన్నా ముందే బండి కట్టుకుని వెళ్ళిపోయింది. మేం మినపరొట్టె, టమాటా పచ్చడి, రెండు ఫ్లాస్కుల టీ, చాపలు, మా ఆయన కొలత కడ్డీ (ఎందుకో ఆయనకే తెలియాలి) సర్దుకున్నాం. చేప అన్నది మూట దగ్గరకే రాకూడదని అత్త ఆజ్ఞ. అందరి చేతులూ వాసన చూసింది. మా ఆయనను మళ్ళీ కడుక్కు రమ్మంది.

వెలుగు పక్షం, ఆరో మెలకువ

అయ్యా, మొక్కల గురించి ఇవాళ ఏమీ రాయను. మీరు తిట్టినా సరే. నిన్నటిది రాస్తాను.

చూసేవాళ్ళ చోటికి పోయే దారిలో వలంటీర్లు నిలబడి అందరి నోళ్ళకూ మఫ్లర్లు కడుతున్నారు. ఇది మీకు వింతగా ఉంటుంది గానీ, దీనికో కారణముంది. వెనకటికి జనం ఎవరికి తోచింది వాళ్ళు అరిచేవాళ్ళు. ఈ ఊళ్ళో ప్రతివాడూ బండి తోలడంలో తనను మించినవాడు లేడనుకుంటాడు. ఒకవైపు నుంచి దాపట, ఇంకోవైపు నుంచి వలపట అని కేకలు పడి, ఒక జట్టు పాపం స్తంభం చుట్టూ తిరిగి తిరిగి అక్కడే పడుకుందట. అప్పటి నుంచి పరుగు అయ్యేదాకా ఒక్కరూ నోరు తెరవకూడదు. ముడి మీద లక్క వేస్తారు. ముడి ఊడినవాళ్ళ బండి ఓడినట్టే.

మా అత్తకు ముడి వేసిన కుర్రాడు "బిగుతుగా ఉందా మామ్మా?" అని అడిగాడు. దానికామె జవాబు ఎంత పెద్దదో మఫ్లర్ లోపలి కదలికను బట్టి తెలిసింది.

చీలిక దగ్గరే చాపలు పరిచాం. ఊరు ఊరంతా మంచు మీద కూర్చుని నోళ్ళు కట్టుకుని టీ తాగుతూ ఉంటే చూడాలి మీరు. మఫ్లర్ కింది నుంచి గొట్టం పెట్టుకుని తాగుతారు. వరాలు రొట్టెను సన్నగా చీల్చి పక్క నుంచి తోసుకుంది. పచ్చడి ముక్కు దాకా పూసుకుంది. ఎండ తళతళలాడుతోంది. పైన కుండ, దాని అంచుకు దగ్గరగా సూర్యుడు. ఎక్కడ చూసినా ఎర్రగుడ్డలు, నీలం గుడ్డలు, ఆకుపచ్చ గుడ్డలు. ఎవరూ మాట్లాడరు కాబట్టి అందరూ చేతులతో దెబ్బలాడుకుంటున్నారు. నాకు ఎందుకో పిచ్చి ఆనందం వేసింది. పైడి సంగతి తలుచుకుంటే భయం, జనాన్ని చూస్తే నవ్వు, రెండూ ఒకేసారి.

మొదట ఎర్రబండి వచ్చింది. "వలపట" అన్న కేక గంటలా మోగింది, కుక్కలు కుడికి తిరిగి పోయాయి. ఎర్రవాళ్ళు గుడ్డలు ఊపుతూ ఎగిరారు. తర్వాత నీలం, దాని వెనకే ఆకుపచ్చ. అన్నీ దాటిపోయాయి. సూర్యుడి అంచును కుండ కొరకడం మొదలుపెట్టింది.

పసుపుబండి లేదు.

మా ఆయన కొలత కడ్డీ మీద ఎక్కి నిలబడబోయి పడ్డాడు. వరాలు నా చెయ్యి నలిపేస్తోంది. సూర్యుడు ముప్పాతికకు తగ్గాడు. అప్పుడు దూరంగా దిబ్బ మీద ఆరు చుక్కలు కనిపించాయి. బెల్లం ముందు. అన్నీ బాగా పరుగెడుతున్నాయి. నేను అత్త కుట్టిన పసుపు చీర చివర పట్టుకుని ఊపేసరికి భుజం పట్టేసింది.

దిబ్బ దిగుతూ పైడి మా వైపు చూసింది. బండి మీద లేచి నిలబడింది. గొంతు మీద అరచెయ్యి పెట్టి గాలిలోకి విసిరింది.

పోయింది.

ఆ ఒక్క కేకా దారిలోనే ఖర్చయిపోయింది. తర్వాత పైడి సైగలతో చెప్తే తెలిసింది, ఒక కుక్క కాలికి తాడు చుట్టుకుంటే ఆపడానికి అరవాల్సి వచ్చిందట. అరవకపోతే దాని కాలు విరిగేది. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. చేతి విసురు ఒక్కటే కనిపించింది. బెల్లంగాడి మూతి అప్పుడే ఎడమకు తిరిగింది. రేవు గాలి అటు నుంచే వస్తోంది.

నోరు తెరిచి అరవాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. పళ్ళు బిగించాను. మా ఆయన రెండు చేతులతో తన నోరు మూసుకున్నాడు, మఫ్లర్ ఉన్నా కూడా.

మా అత్త లేచింది. నా చేతిలో ఉన్న చీర లాక్కుంది. ఒక చివర నాకు విసిరేసి, రెండో చివర పట్టుకుని, ఎడమదారికి అడ్డంగా నడిచింది. నడిచింది అనకూడదు, పరుగెత్తింది. నడుం విరిగిపోతోందని రోజూ ఏడ్చే మనిషి. నాకు అర్థమయ్యేలోపు నా కాళ్ళకు అర్థమైంది, నేనూ పట్టి లాగాను. రెండు చీరలు కలిపినా దారి సగమే మూసుకుంది. మిగతా సగం నోరు తెరుచుకుని ఉంది.

అత్త చేత్తో జనాన్ని పిలవలేదు. ఊరికే వాళ్ళ వైపు చూసింది. అంతే, ఎర్రగుడ్డ ముసలాయన ఒకడు లేచి వచ్చి తన గుడ్డ కొనను మా చీర కొంగుకు ముడేశాడు. ఆయన వెనక ఇంకొకరు. నీలం వాళ్ళు, ఆకుపచ్చ వాళ్ళు. వాళ్ళ బళ్ళు ఎప్పుడో గీత దాటాయి, మా బండి దాటితే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. అయినా వచ్చారు. ఒక్క మాట లేదు, ముడుల మీద ముడులు పడుతున్నాయి. వరాలు వెళ్ళి చివరి గుడ్డ పట్టుకుని మంచుగోడకు ఆనుకుని నిలబడింది. చేపల రేవు దారి మొత్తం రంగురంగుల తెర అయింది. ఆ తెర పట్టుకుని నోళ్ళు కట్టుకున్న ఊరు.

బెల్లం వచ్చి తెర ముందు ఆగాడు. ముక్కు ఎత్తాడు. రేవు వాసన ఇంకా వస్తూనే ఉంది కాబోలు, తెర కింది నుంచి దూరేందుకు తల వంచాడు. మా అత్త కదలకుండా వాడి కళ్ళలోకి చూసింది. వాడూ చూశాడు. రోజూ రెండు పూటలా గంజి పోసే చేతులు అవి, అటు పోవద్దంటున్నాయి. ఆ మాత్రం వాడికి తెలిసింది. తల ఎత్తి కుడికి తిరిగాడు. మిగిలిన అయిదూ వాడి వెంట తిరిగాయి. పైడి మా ముందు నుంచి దూసుకుపోతూ చెయ్యి చాపింది, తల్లి వేళ్ళకు తగిలీ తగలనట్టు తగిలింది.

మేం అందరం తెర వదిలేసి వాళ్ళ వెనక పరుగెత్తాం. ఊరి గీత దగ్గర స్తంభం మీద గోరంత ఎండ మిగిలి ఉంది. పసుపుబండి దాటింది. ఆ ఎండా పోయింది.

కుండచాటు చీకటి పడగానే, లక్క ముడి విప్పకుండానే, మఫ్లర్లు మెడలోకి జార్చుకోవచ్చు. పొద్దున్నుంచి దాచుకున్న అరుపులన్నీ ఊరు ఒక్కసారిగా వదిలింది. ఎవరు ఎవరికి జై కొడుతున్నారో తెలియదు. కుక్కలు కూడా గొంతు కలిపాయి. మా ఆయన అరుస్తూ ఏడుస్తున్నాడు. నేను పక్కన ఎవరో ఆడమనిషిని కావలించుకుని గెంతాను. ఆమె ఎవరో ఇప్పటికీ తెలియదు.

అంతలో పరుగుపెద్ద సీతన్న లాంతరు పట్టుకుని వచ్చాడు.

"గున్నమ్మొదినా, సూసేవోళ్ళు బండోళ్ళకి సాయం సెయ్యకూడదు. తెలవదేటి?"

"సాయమేటి సేసినాను? ఎవులికైనా ఒక్క మాట సెప్పినానా? లక్క సూసుకో, పగిలినాదేమో. నోరు కట్టినారు, కట్టించుకున్నాను. కాళ్ళు కట్టినారేటి? నా సీర నేను ఆరేసుకున్నాను."

"రేవు దారిలోనా?"

"గాలి బాగొచ్చేది అక్కడే మరి."

సీతన్న ముడుల లక్క చూశాడు. ఒక్కటీ పగల్లేదు. నియమాల్లో గుడ్డలు ఊపవచ్చునని ఉంది, ఎక్కడ ఊపాలో లేదు. ఆయన గడ్డం గోక్కుని, "ఒచ్చే యేడు నుంచి ఆ దారికి మేమే తెర కట్టిస్తాం లే" అన్నాడు. పసుపుబండి పేరు పలక మీద రాశాడు. జట్టు నిలిచింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ గీత దాటాక తోలేవాళ్ళు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక్కొక్క కుక్కనూ పేరు పెట్టి పిలిచి, మెచ్చుకుని, మెడపట్టెడ విప్పాలి. అప్పుడే అవి గిన్నె ముట్టుకుంటాయి. చిన్నప్పటి నుంచి అలాగే అలవాటు చేస్తారు. మిగతా బళ్ళ దగ్గర కుక్కలు తింటున్నాయి. మా ఆరూ గంజి గిన్నెల ముందు కూర్చుని, నాలుకలు వేలాడేసి, పైడి మొహంలోకి చూస్తున్నాయి. పైడి నోరు కదుపుతోంది. ఏమీ రావడం లేదు. దాని కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

మా అత్త దాన్ని పక్కకు జరిపి మంచులో చతికిలబడింది.

"ఇలగ్గా రాయే జీడీ" అంది. నేను తుళ్ళిపడ్డాను. "నువ్వు బక్కదానివి. అయినా బాగా లాగినావు." పట్టెడ విప్పింది. జీడి గిన్నెలో మూతి పెట్టింది.

"ఆవాలూ, నీకు తాడు సుట్టుకున్నాదంట కదా, కాలేదీ? బాగున్నాదిలే. మంచిదానివి." విప్పింది. "మరమరాలూ, నువ్వొట్టి తిండిపోతువి, ఏటి సెయ్యను, మీ అమ్మా అంతే. ఈయాల గట్టోడివైనావు. పిప్పీ, నీ గుణం నాకు తెలుసు, ముసిలిదానివైనా ఆగలేదు నువ్వు. తెలగపిండీ, దా నాయనా, దా."

అన్ని పేర్లూ తెలుసు. ఎవరి తల్లి ఎవరో, ఎవరికి ఏ కాలు నొప్పో అన్నీ తెలుసు. లాంతరు వెలుగులో పైడి తల్లిని అలా చూస్తూ ఉండిపోయింది.

చివరికి బెల్లం మిగిలాడు. అత్త వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. పేరు చెప్పబోయింది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పొద్దున్నుంచి ఒక్క అరుపు కూడా అరవని మనిషి, ఆ ఒక్క పేరూ పలకలేకపోయింది. వాడి నెత్తి మీద నెత్తి ఆనించి, పట్టెడ మాత్రం విప్పింది.

పైడి వచ్చి తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వాడి చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న ఊపిరంతా పోగుచేసి ఏదో అంది. పక్కనే ఉన్న నాకు ఉత్త గాలి వినపడింది. వాడు విన్నాడు. తోక ఒకసారి మంచు మీద కొట్టి, గంజి గిన్నెలో మూతి పెట్టాడు.